పిచ్చుక చెప్పిన చోటు

లేవనంటే లేవనని కూర్చుంది చిన్నకోడలు.

సరస్సు తెర ముందు, ఫోటోకి వచ్చినవాళ్ళు కూర్చునే గుండ్రటి ఎత్తుపీట మీద, ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చుంది. పొద్దున పెయింటరు తెచ్చి పక్కన పెట్టిన టీ మీగడ కట్టి అలాగే ఉంది. మంచుకొండ తెర, దీపాల పట్నం తెర అప్పటికే చుట్టచుట్టి, తాళ్ళతో బిగించి గుమ్మం పక్కన నిలబెట్టేశారు. మిగిలింది సరస్సు ఒక్కటే. దాని ముందు ఆమె.

"లారీ వచ్చే వేళవుతోంది," అన్నాడు పెయింటరు. భార్యతో కాదు, చేతిలో ఉన్న తాడుతో అన్నట్టు.



అతను తాడు విప్పి మళ్ళీ చుట్టాడు. ఆ తెర వేసింది అతనే. నీళ్ళకి వాడిన నీలం సరిగ్గా కుదరలేదని ఇప్పటికీ గొణుక్కుంటూ ఉంటాడు. ఆ నీలం ముందు భార్య అలా కూర్చుని ఉంటే, ఆమె భుజం మీద చెయ్యి వేయాలో, తెర తాడు మీద చెయ్యి వేయాలో తెలియక నిలబడిపోయాడు.

లోపలి నుంచి అతని అన్న వచ్చాడు. స్టూడియో ఆయనది, కెమెరా ఆయనది. వీధి మొత్తానికి ఆయన ఫోటో పెద్దాయన.

"ఏరా, ఇంకా కాలేదా?"

"ఎలా అవుతుందన్నయ్యా. నువ్వే చెప్పి చూడు."

పెద్దాయన కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకున్నాడు. ఏదైనా ఇబ్బంది వస్తే ఆయన ముందు చేసే పని అదే. "అమ్మాయ్, తెర దింపాలి. ఇల్లు కొన్నవాడు సాయంత్రం తాళాలకి మనిషిని పంపుతానన్నాడు. రేపో ఎల్లుండో పడగొట్టడం మొదలుపెడతారట."

"దింపండి బావగారూ. నేను అడిగినదానికి జవాబు చెప్పి దింపండి."

"అడిగిందే అడుగుతావేంటమ్మా? గుర్తు లేదని చెప్పాను కదా. ఒట్టేసి మరీ చెప్పాను."

"గుర్తు లేకపోవడం కాదు. మీరు వినలేదు."

 ఆమె అన్నది నిజం. ఆ నిజం ఇంటిల్లిపాదికీ తెలుసు.

ఫోటో తీసేటప్పుడు అందరూ నవ్వమంటారు. ఆయన అనడు. నవ్వమంటే పళ్ళు కనిపిస్తాయి గానీ మనిషి కనిపించడని ఆయన నమ్మకం. కెమెరా సరిచేసుకుని, పీట మీద బిగుసుకుని కూర్చున్న మనిషిని తీరిగ్గా ఒక్క ప్రశ్న అడుగుతాడు: ఈ లోకంలో ఎక్కడైనా సరే ఉండొచ్చు అంటే, ఎక్కడుంటారు? అడగ్గానే ఎంతటి మొహమైనా సడలుతుంది. కళ్ళు ఎటో వెళ్ళిపోతాయి. జవాబు కోసం పెదవులు విడబోయే క్షణంలో ఆయన నొక్కేస్తాడు. నొక్కాక, అయిపోయింది లేవండి అంటాడు. జవాబుతో ఆయనకు పని లేదు. ఊళ్ళో సగం మంది గోడల మీద ఆ చూపుతోనే వేలాడుతున్నారు. వాళ్ళు ఏం చెప్పబోయారో మాత్రం ఫోటో తీసినవాడికి తెలియదు.

పిచ్చుకనూ అలాగే అడిగాడు.

పిచ్చుక అంటే చిన్నకోడలి కూతురు. అసలు పేరు బడిలో ఉండేది, ఇంట్లో పిచ్చుకే. రీలులో చివరి బొమ్మ మిగిలిపోతే దాన్ని ఊరికే పోనివ్వడమెందుకని పెద్దాయన పిల్లని పీట ఎక్కించేవాడు. రీలు అయిపోయినప్పుడల్లా పిచ్చుకకి ఒక ఫోటో. ఫోటో అవగానే అది పీట మీంచి దూకి వంటింట్లోకి పరిగెత్తుకొచ్చేది. "అమ్మా, ఈసారి నేనేం చెప్పానో తెలుసా?" ఒకసారి గోడ గడియారం లోపల ఉంటానంది. ఒకసారి నాన్న వేసిన సరస్సు అడుగున. ఒకసారి పాలబండి మీద, అదీ బండి నడుస్తున్నప్పుడే. చిన్నకోడలు గిన్నెలు తోముతూనే అన్నీ వినేది, అన్నిటికీ నవ్వేది.

ఆఖరిసారి మాత్రం పిచ్చుక వంటింట్లోకి రాలేదు. చేతినిండా పనిలో ఉండి చిన్నకోడలు అది గమనించనే లేదు. ఆ వారం తిరక్కుండానే జ్వరం వచ్చింది. జ్వరం తగ్గలేదు.

ఆ ఫోటో ఇప్పుడు ఆమె పక్కగుడ్డల కింద ఉంటుంది. సరస్సు ముందు పిల్ల, ఒక పక్క జడ ఊడిపోయి, కళ్ళు కెమెరా పక్కకి తిరిగి, పెదవులు కొంచెం విడి. ఏదో చెప్పబోతోంది. ఏడాదిగా చిన్నకోడలు అద్దం ముందు నిలబడి తన పెదవులను అలాగే విప్పి చూసుకుంటోంది. ఏ మాటా అందులో ఇమడలేదు, ఏ మాటైనా ఇముడుతుంది.

పోయిన ఆదివారం భోజనాల దగ్గర, ఇల్లు ఖాళీ చేసి ఎక్కడికి పోదామన్న మాట వచ్చినప్పుడు తలో చోటు చెప్పారు. పెద్దాయనకు రైల్వే స్టేషను దగ్గరగా ఉండాలి, ప్రయాణానికి పోయేవాళ్ళు ఫోటోలు దిగుతారు. పెయింటరుకు సముద్రం ఉన్న ఊరు కావాలి. తెరల నిండా సముద్రాలు వేశాడు గానీ ఒక్కటీ చూసింది లేదు. పెద్దాయన భార్య, పెద్దకోడలు, ఎటో చూస్తూ, మేడ లేని ఇల్లయితే చాలు, ఎంత త్వరగా పోతే అంత మంచిదంది. ఆ తొందర చూసి చిన్నకోడలి ఒళ్ళు మండిపోయింది. నువ్వేమంటావని బావగారు అడిగితే ఒక్కటే అంది.

"నా పిల్ల ఎక్కడుండాలనుకుందో చెప్పండి. నేను అక్కడుంటాను."

ఆ రోజు నుంచి ఆమె పెట్టె సర్దలేదు. ఇవాళ పొద్దున లేచి వచ్చి ఈ పీట ఎక్కింది.

"నువ్విలా మొండికేస్తే పోయింది తిరిగొస్తుందా?" అన్నాడు పెయింటరు, గొంతు తగ్గించి.

"ఆ రోజు మీరు ఆ పక్కనే ఉన్నారు కదండీ. తెర తాడు పట్టుకుని ఉన్నారు కదా."

"ఉన్నాను. తాడు ముడి చూసుకుంటున్నాను." అతను ఆగాడు. "అదే ఆఖరు అని ఎవరికి తెలుసు?"



అప్పుడే వీధి గుమ్మంలో సైకిల్ షాపు ఆయన తొంగి చూశాడు. వీధిలో అందరూ ఆయన్ని పంపు అంటారు. షాపులో టైర్లకి, బయట మనుషులకి గాలి కొడుతూనే ఉంటాడని. ఉతికిన చొక్కా వేసుకుని, తల తడిపి దువ్వుకుని వచ్చాడు.

"మూసేస్తున్నారట కదా పెద్దాయనా. నన్నొక్కణ్ణి తీసి మూయండి."

ఇవాళ కాదయ్యా అనబోయి, పెద్దాయన ఆగిపోయాడు. చేతులకి ఏదో ఒక పని దొరికితే చాలన్నట్టు కెమెరా అందుకున్నాడు. పీట మీద మనిషి ఉంది కాబట్టి పంపు బోర్లించిన రంగు డబ్బా మీద, ఉత్త గోడ ముందు కూర్చున్నాడు. వెనకాల సరస్సు లేకపోతేనేం, ఈసారికి నీళ్ళలో పడే భయం లేదని తనే నవ్వుకున్నాడు.

లోపలి నుంచి పెద్దకోడలు తెల్ల అట్ట పట్టుకుని వచ్చింది. ఎవరూ పిలవలేదు. కెమెరా బయటికొస్తే అట్ట రావాలి, అంతే. మొహంలో చీకటి పడిన వైపు వెలుగు కొట్టడానికి ఆ అట్టను కెమెరా పక్కన ఎత్తి పట్టుకోవడం పెళ్ళయి వచ్చినప్పటి నుంచీ ఆమె పని. అట్ట ఆమె కంటే పెద్దది. దాని వెనక ఆమె కాళ్ళు తప్ప ఏమీ కనిపించవు.

చిన్నకోడలు మొహం తిప్పుకుంది. ఇద్దరూ ఎడమొహం పెడమొహమై ఏడాదవుతోంది. పిచ్చుక పోయిన మర్నాడు, ఓర్చుకోవాలమ్మా అని తల నిమరబోయిన పెద్దకోడలి చేతిని తోసేసి, "కన్నదానికి తెలుస్తుంది, నీకేం తెలుస్తుంది?" అంది చిన్నకోడలు. పెద్దకోడలికి పిల్లల్లేరు. ఆ తరవాత వాళ్ళు ఒకే పొయ్యి మీద వండారు, ఒకే తీగ మీద బట్టలు ఆరేశారు, ఒక్క మాట ఆడుకోలేదు. ఉప్పు అయిపోయిందని ఒకరు పొయ్యికి చెబితే, తెప్పించానని ఇంకొకరు గోడకి చెప్పేవారు.

"సరే పంపూ," అన్నాడు పెద్దాయన. "ఈ లోకంలో ఎక్కడైనా సరే ఉండొచ్చు అంటే, ఎక్కడుంటావు?"

పంపు కళ్ళు గోడ దాటి పోయాయి. నోరు విడబోయింది. చప్పుడైంది.

"అయిపోయింది, లే."

"అయిపోవడమేంటండీ, నేనింకా చెప్పందే?"

"ఫోటో అయిపోయిందయ్యా."

"ఫోటో సంగతి ఎవడికి కావాలి? అడిగారు, చెబుతుంటే వినరేం? మావాడి పెళ్ళప్పుడూ ఇంతే, లైసెన్సుకి వచ్చినప్పుడూ ఇంతే. అడగడం, నొక్కడం." పంపు డబ్బా మీంచి లేవలేదు. "ఈ కొంపలో నా మాట విన్నది పెద్దమ్మగారొక్కరే. ఏమ్మా, పోయినసారి నేనేం చెప్పాను?"

అట్ట వెనక నుంచి మెల్లగా పలికింది. "గుంటలు లేని రోడ్లున్న ఊళ్ళో ఉంటానన్నారు."

"అంతకు ముందు?"

"గుంటలు లేకపోతే పంక్చర్లు పడవు, గుంటలున్న ఊరే నయమన్నారు."

"చూశారా మరి!" అని పంపు తొడ చరుచుకుని నవ్వాడు. పెయింటరు కూడా నవ్వేశాడు. ఆ ఇంట్లో నవ్వు వినిపించి చాలా రోజులైంది. అది ఎంతోసేపు నిలవలేదు.

చిన్నకోడలు పీట మీదే ఇటు తిరిగింది. తెల్ల అట్టకేసి చూస్తోంది.

పంపుకి ఏమీ అర్థం కాలేదు గానీ, గదిలో ఏదో మారిందని మాత్రం తెలిసింది. ఏమైనా అనకూడనిది అన్నానా అని పెయింటరుని కళ్ళతోనే అడిగి, ఫోటో కొత్త చిరునామా నుంచి పంపండి అని గొణిగి, వచ్చినంత చప్పుడు చేయకుండా వెళ్ళిపోయాడు. పెద్దాయన అలవాటు కొద్దీ కెమెరా వెనకవైపు చూసుకున్నాడు. రీలులో ఇంకొక్క బొమ్మ మిగిలి ఉంది. ఆ మాట పైకి అనలేదు.

"నువ్వక్కడ ఉన్నావు," అంది చిన్నకోడలు.

గోడతో కాదు, పొయ్యితో కాదు.

అట్ట కొంచెం కిందికి దిగింది. పెద్దకోడలి కళ్ళు కనిపించాయి. "ఉన్నాను."

"విన్నావు."

"విన్నాను."

"ఏడాది నుంచి నేను గోడలకేసి తల కొట్టుకుని అడుగుతుంటే..."

"గోడలనే అడిగావు. నన్ను అడగలేదు."

పెద్దాయన భార్యవైపు తిరిగాడు. నాకైనా చెప్పకపోయావా అన్నాడు. ఆమె ఆయన వైపు చూడకుండానే జవాబిచ్చింది. "మీరు అడిగితే కదా. అడిగినా వింటే కదా."

ఆయన కళ్ళజోడు మళ్ళీ నుదుటి మీదికి పోయింది.

పెద్దకోడలు అట్టను గోడకి ఆనించింది. చేతులు ఖాళీ అయ్యేసరికి వాటిని ఏం చేయాలో తెలియనట్టు ఒకదాన్నొకటి పట్టుకుంది. పిల్ల ఆ రోజు కెమెరాని చూడలేదంది. అట్ట పక్క నుంచి తొంగి చూసి, తన కళ్ళలోకి చూస్తూ చెప్పిందంది.

"ఏమంది?"

"'పెద్దమ్మా, నీ గదిలో' అంది." ఆమె చేతులు విడదీసింది. "'అమ్మకి ఇప్పుడే చెప్పకు' అంది."

వీధిలో ఎవరో బండి మీద సామాన్లు ఈడ్చుకుపోతున్నారు. 

ఆ రోజు పిల్ల వంటింట్లోకి ఎందుకు రాలేదో చిన్నకోడలికి అర్థమైంది. గడియారం గురించి చెప్పొచ్చు, పాలబండి గురించి చెప్పొచ్చు. తన పక్క వదిలి మేడ మీదికి పోయి ఉంటానని తల్లికి ఏ మొహం పెట్టుకుని చెబుతుంది? పిల్లకి ఆ మాత్రం తెలుసు. అంత చిన్న వయసులో తెలిసింది. అంటే తల్లి నొచ్చుకోవడం ఎప్పుడో చూసి ఉండాలి. ఎప్పుడు చూసిందో.

"అప్పుడే చెబుదామనుకున్నాను," అంటోంది పెద్దకోడలు. "నువ్వు ఆ మాట అన్నావు. అన్నది తప్పని కాదు, కన్నదానివి నువ్వే. దాని రోజులన్నీ నీవే. నాకు మిగిలింది ఆ ఒక్క మాట. అది కూడా తీసుకొచ్చి నీ చేతిలో పెట్టాలా అనిపించింది. అలా అనిపించకూడదు. అనిపించింది."

"వదినా..." అన్నాడు పెయింటరు. 

చిన్నకోడలు లేచింది. కూర్చుని కూర్చుని తిమ్మిరెక్కిన కాలు తడబడింది. పట్టుకోబోయిన భర్తను ఆగమన్నట్టు చెయ్యి చూపింది.

"తెర దింపుకోండి," అంది.

అతను తాడు అందుకోలేదు. ఆమె మెట్లవైపు నడిచింది. మేడ మెట్లు ఒక్కొక్కటే ఎక్కుతుంటే కింద ముగ్గురూ తలలెత్తి చూస్తూ ఉండిపోయారు. పైన తలుపు మూసుకున్న చప్పుడు, ఆ వెనకే గడియ పడిన చప్పుడు వినిపించాయి.

ఈ ఇంటికి వచ్చిన ఇన్నేళ్ళలో ఆ గదిలో ఆమె కాలు పెట్టింది తక్కువ. తోడికోడలి గది, పనేముంటుంది. అప్పటికే సగం ఖాళీ అయింది. గోడకి అద్దం ఉన్నచోట తెల్లటి మచ్చ. కిటికీకి తెర లేదు. మూలన తాడు కట్టిన పెట్టె. మంచం ఒక్కటే ఇంకా కదల్చలేదు.

ఏముంది ఇక్కడ? చుట్టూ చూసింది. సరస్సు లేదు, కొండ లేదు. లోకంలో ఎక్కడైనా ఉండొచ్చంటే తన కూతురు కోరుకున్న చోటు ఇది. సున్నం రాలుతున్న గోడలు, కిటికీలోంచి పక్కింటి నీళ్ళ తొట్టి.

అప్పుడు చూసింది, మంచం పట్టీకి వేలాడుతున్న గుడ్డ. పాత తెర ముక్క. ఏదో ఆకాశం తాలూకు. పెయింటరు అరిగిపోయిన తెరలని కోసి రంగు తుడుచుకునే గుడ్డలు చేస్తాడు, వాటిలోది. పిల్ల చేత్తో వేసిన ముడులు. ఎగుడుదిగుడుగా, ఒకదాని మీద ఇంకొకటి.

మోకాళ్ళ మీద కూర్చుని ఆకాశాన్ని పక్కకి తీసింది.

మంచం కింద ఇల్లు ఉంది. అగ్గిపెట్టెల బీరువా. పగిలిన అద్దం పెంకు గోడకి ఆనించి ఉంది. రెండు పీలికలు మడిచి పరిచిన రెండు పక్కలు. రీలు డబ్బాల మూతలు రెండు, కంచాల్లా, ఎదురెదురుగా. దేని మీదా దుమ్ము లేదు. ఏడాది గడిచినా దుమ్ము లేదు. ఎవరో రోజూ తుడిచి, తుడిచిన ప్రతిదాన్నీ తీసినచోటే పెడుతూ వచ్చారు. దాని మీదే, ఆ మంచం మీదే, రాత్రంతా పడుకుంటూ వచ్చారు.

మేడ లేని ఇల్లయితే చాలన్నది ఇందుకా.

చిన్నకోడలు నేల మీద పడుకుని తల లోపలికి పెట్టింది. భుజాలు పట్టలేదు. మూతలు మళ్ళీ చూసింది. రెండు. పక్కలు రెండు. మూడోదాని కోసం అగ్గిపెట్టెల వెనక కూడా చెయ్యి పెట్టి వెతికింది.

మెట్ల మీద అడుగులు వినిపించాయి. తలుపు మీద మునివేళ్ళతో కొట్టారు.

"చెల్లీ," అంది పెద్దకోడలు బయట నుంచి. ఏడాదిలో ఆ పిలుపు మొదటిసారి. "లారీ వచ్చింది."

 కింద వీధిలో హారను మోగింది, పెద్దాయన ఎవరినో ఆగమంటున్నాడు.

"చెల్లీ, తలుపు తియ్యమ్మా."

"మీరంతా వెళ్ళండక్కా." చెంప నేలకి ఆనించి ఉండటంతో ఆమె మాట నేలతో అన్నట్టు వచ్చింది. "ఇక్కడ ఇద్దరికే చోటుంది. రెండే పెట్టుకుంది. తనకొకటి, నీకొకటి. నేను ఊరికే కాసేపు చూసుకుంటాను. పడగొట్టేవాళ్ళు వచ్చేదాకా ఉంటాను."

తలుపు అవతల బట్ట రాసుకున్న చప్పుడైంది. పెద్దకోడలు తలుపుకి వీపు ఆనించి గడప ముందు కూర్చున్నట్టుంది.  హారను మళ్ళీ మోగి ఆగిపోయింది.

"అది నన్ను లోపలికి రానిచ్చేది కాదు," అంది చివరికి. "ఇల్లు ఇంకా పూర్తవలేదు పెద్దమ్మా అనేది. బయట నుంచి చూడమనేది."

అమ్మకి ఇప్పుడే చెప్పకు. ఆ 'ఇప్పుడే' చిన్నకోడలికి మళ్ళీ వినిపించింది.

"ఆ రెండోది నాదేనని నేననుకున్నాను. ఏడాదంతా అలా అనుకునే తుడిచాను."  "ఎవరికోసమని నేనూ అడగలేదు చెల్లీ."

చిన్నకోడలు తల బయటికి తీసి లేచి కూర్చుంది. ఎదురెదురుగా ఉన్న రెండు మూతల్లో ఒకదాన్ని చేతిలోకి తీసుకుంది. దాన్ని తిప్పి చూసినా, నిమిరి చూసినా అది ఎవరిదో చెప్పే గుర్తేదీ లేదు. కింద తెర దింపుతున్నారు. చుట్టుకుంటున్న సరస్సు కీచుమంటున్న చప్పుడు మెట్ల మీదుగా పైకి వస్తోంది.

లేచి తలుపు దగ్గరికి నడిచింది. ఒక చేతిలో మూత, ఇంకో చెయ్యి గడియ మీద. ఆమె నిలబడి ఉంది.